కార్ నికోబార్ బిషప్ జాన్ రిచర్డ్‌సన్

మీ దగ్గర భారతదేశ పటం ఉంటే ఒకసారి ముందు పెట్టుకోండి. విశాఖపట్నం దగ్గర వేలు పెట్టి ఆగ్నేయ దిశగా బంగాళాఖాతం మీదుగా జరపండి. నిలువుగా పేర్చినట్టున్న అండమాన్ దీవులు కనిపిస్తాయి. ఇంకా దక్షిణానికి వెళితే పది డిగ్రీల జలసంధి వస్తుంది. దాన్ని దాటగానే మొదట తగిలే దీవి కార్ నికోబార్. పటంలో అది చుక్కంత ఉంటుంది. చదునైన నేల, చుట్టూ కొబ్బరి తోటలు, వాటి మధ్య పల్లెలు. ఈ పాఠంలో మీరు ఆ దీవిలో పుట్టిన జాన్ రిచర్డ్‌సన్ అనే మనిషి జీవితం చదువుతారు.

చదవడం మొదలుపెట్టే ముందు ఒక మాట. రిచర్డ్‌సన్ క్రైస్తవ గురువు. అందువల్ల పాప పుణ్యాల గురించి, స్త్రీ పురుష సంబంధాల గురించి క్రైస్తవం ఏం చెబుతుందో ఈ పాఠంలో కొంత చెప్పుకోవాలి. ఇది మత ప్రచారం కోసం రాసిన పాఠం కాదు. మీరు ఏ మతం వారైనా కావచ్చు, ఏ మతమూ లేనివారైనా కావచ్చు. ఒక మనిషి నమ్ముతున్నానని చెప్పే మాటకూ, అతని నడతకూ మధ్య ఎంత దూరం ఉందన్న ప్రశ్న అందరిదీ. దాన్ని మనసులో ఉంచుకుని చదవండి.

రిచర్డ్‌సన్ 1884లో కార్ నికోబార్‌లోని మూస్ గ్రామంలో పుట్టారు. ఆయనకు పెట్టిన నికోబారీ పేరు హాచెవ్‌కా. అప్పుడు ఆ దీవిలో రాతకు లిపి లేదు, బడి లేదు. కొబ్బరి, మొగలి జాతి చెట్టు పండ్లు, చేపలు, పందులు ఇవే జీవనాధారం. భూమి, తోటలు ఒక్కొక్కరివి కావు. తుహెత్ అని పిలిచే పెద్ద ఉమ్మడి కుటుంబానివి. బయటి ఓడలు వచ్చి కొబ్బరికాయలు తీసుకుని బదులుగా గుడ్డలు, కత్తులు, బియ్యం, పొగాకు, సారా ఇచ్చి వెళ్లేవి. బ్రిటిష్ ప్రభుత్వం 1869లో నికోబార్ దీవులను తన అధీనంలోకి తీసుకుంది. అంతకు ముందు, 1768 నుంచి 1787 వరకు, మొరేవియన్ అనే శాఖకు చెందిన యూరపు క్రైస్తవులు ఈ దీవుల్లో మతం బోధించడానికి ప్రయత్నించి, జ్వరాలకు చాలామందిని పోగొట్టుకుని తిరిగి వెళ్లిపోయారు. వారి పని ఏమీ నిలవలేదు.

నిలిచిన పని మొదలుపెట్టింది ఒక తమిళుడు. ఆయన పేరు వేదప్పన్ సోలమన్. 1890లలో ప్రభుత్వం ఆయనను మూస్ గ్రామంలో తన ప్రతినిధిగా నియమించింది. వచ్చిపోయే ఓడల లెక్కలు రాయడం, వాతావరణ వివరాలు నమోదు చేయడం ఆయన ఉద్యోగం. దానితోపాటు ఉపదేశకుడిగా పిల్లలకు ఒక చిన్న బడి నడిపారు. ఆ బడిలో చేరినవారిలో హాచెవ్‌కా ఒకరు. బాప్తిస్మం పొందిన తరువాత జాన్ రిచర్డ్‌సన్ అయ్యారు. పై చదువుకు ఆయనను బర్మాలోని మాండలేలో ఉన్న మిషన్ బడికి పంపారు. కార్ నికోబార్ చర్చి అప్పట్లో రంగూన్ బిషప్ పరిధిలో ఉండేది. పడవలు, కొబ్బరిచెట్లు మాత్రమే తెలిసిన పిల్లవాడు రాజధాని నగరంగా ఉండిన ఊళ్లో ఏళ్ల తరబడి పరాయి భాషల్లో చదువుకోవలసి వచ్చింది. చదువు మధ్యలో ఆగిపోయి మళ్లీ పుస్తకం పట్టిన మీలో చాలామందికి ఆ కష్టం వేరే చెప్పనక్కరలేదు.

ఆయన తిరిగి వచ్చి ఏం చేశారో చూసే ముందు మనం కొంచెం వెనక్కి, కొంచెం ఉత్తరానికి వెళ్లాలి. ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్దాం. అక్కడ 1858లో బ్రిటిష్ వారు ఖైదీల స్థావరం ఏర్పాటు చేశారు. చుట్టూ అడవిలో అండమానీ తెగల వారు నివసించేవారు. 1863 జనవరిలో ప్రాట్ అనే నావికుడు అండమానీల బాణాలకు చనిపోయాడు. అతని తోటివారు అది ఏ కారణమూ లేకుండా జరిగిన హత్య అని చెప్పారు. అధికారులు నమ్మారు. ఇద్దరు అండమానీలను పట్టుకుని సంకెళ్లు వేశారు. తరువాత అసలు సంగతి బయటపడింది. ప్రాట్ ఒక అండమానీ స్త్రీని చెరచబోయాడు. ఆమె మనుషులు ఆమెను కాపాడుకోవడానికి బాణాలు వేశారు.

ఆ నావికుడు ఎవరని అడిగితే క్రైస్తవుడనే చెప్పి ఉంటారు. ఆ స్థావరంలో ఆదివారం ప్రార్థనలు జరిగేవి. జీతం తీసుకునే చర్చి గురువు ఉండేవాడు. ఆ ఏడాదే రాస్ దీవిలో అండమానీల కోసం ఒక ఆశ్రమం పెట్టారు. దాన్ని నడిపింది కూడా కార్బిన్ అనే చర్చి గురువే. అడవి మనుషులకు నాగరికత నేర్పడం దాని ఉద్దేశం. కానీ ఇలాంటి ఆశ్రమాల్లో ఉన్న అండమానీ స్త్రీలకు ఖైదీల నుంచి, కాపలావారి నుంచి రక్షణ లేకపోయింది. 1876లో ఆ ఆశ్రమాల్లో సవాయి రోగం కనిపించింది. ఆ మరుసటి ఏడాది తట్టు వ్యాపించింది. వేలల్లో ఉండిన గ్రేట్ అండమానీలు 1901 జనాభా లెక్కల నాటికి 625 మంది. 1961 నాటికి 19 మంది. ఇంత నష్టానికి కారణం ఒక్కటే కాదు. కాని స్త్రీల మీద జరిగిన అత్యాచారం, దాని వెంట వచ్చిన రోగం అందులో పెద్ద భాగం.

కాబట్టి ఈ దీవుల్లో క్రైస్తవం అన్న పేరు ముందు ఎలాంటి మనుషుల వెంట వచ్చిందో గుర్తుంచుకోండి. రిచర్డ్‌సన్ తన జనానికి అదే మతాన్ని బోధించాలి.

ఆ మతం ఈ విషయంలో నిజంగా ఏం చెబుతుంది? మోషే ద్వారా వచ్చిన పది ఆజ్ఞల్లో వ్యభిచారం చేయకూడదన్నది ఒకటి. యేసు కొండమీద చేసిన బోధలో దాన్ని ఇంకా లోపలికి తీసుకువెళ్లారు. పరాయి స్త్రీని కోరికతో చూసిన పురుషుడు తన మనసులో ఆ తప్పు అప్పటికే చేసేశాడన్నది ఆ బోధ సారం. ఇక్కడ మీరు ఒక సంగతి గమనించాలి. తెలుగులో వ్యభిచారం అనే మాట వినగానే మనకు ముందు స్త్రీ గుర్తుకొస్తుంది. ఊళ్లో వేలెత్తి చూపేది ఆమెనే. కొండమీది బోధలో వేలు పురుషుడి కంటివైపు తిరిగింది. యోహాను సువార్తలోని మరో కథ మీరు విని ఉంటారు. తప్పు చేస్తూ పట్టుబడిందని ఒక స్త్రీని జనం రాళ్లతో కొట్టడానికి తీసుకొస్తారు. తప్పులో భాగస్వామి అయిన మగవాడిని ఎవరూ తీసుకురారు. పాపం లేనివాడు ముందు రాయి వేయాలని యేసు చెప్పగానే ఒక్కొక్కరే జారుకుంటారు. ఆమెను శిక్షించకుండా, ఇకమీదట పాపం చేయవద్దని చెప్పి ఆయన పంపేస్తారు. క్షమ ఉంది, హెచ్చరికా ఉంది. ఒకటి తీసేసి రెండోదే చెబితే ఆ కథ చెడిపోతుంది.

యాకోబు రాసిన పత్రికలో క్రియలు లేని విశ్వాసం ప్రాణం లేని శరీరంతో సమానమని ఉంది. కొరింథు పట్టణంలోని క్రైస్తవులకు పౌలు రాసిన పత్రికలో స్త్రీ పురుష సంబంధాల తప్పుల గురించి గట్టి మందలింపు ఉంది. దేహం దేవుడి ఆలయం లాంటిదని, దాన్ని అగౌరవపరచడం ఆలయాన్ని అగౌరవపరచడమేనని ఆయన వాదన. ఆ మందలింపు బయటివారికి రాసింది కాదు. సంఘంలో చేరి, ప్రార్థనలకు వస్తూ, పేరు మార్చుకున్న తరువాత కూడా నడత మార్చుకోనివారికి రాసింది.

పాపం వేరు, చట్టం దృష్టిలో నేరం వేరు అన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతి వ్యభిచారాన్ని నేరంగా చెప్పింది. అది భార్యను భర్త సొత్తుగా భావించి రాసిన నిబంధన. సుప్రీం కోర్టు 2018లో దాన్ని కొట్టివేసింది. క్రైస్తవుల విడాకుల కోసం 1869లో చేసిన చట్టం ఇంకా విచిత్రమైనది. భార్య వ్యభిచరించిందని రుజువు చేస్తే చాలు, భర్తకు విడాకులు వచ్చేవి. భార్యకైతే భర్త వ్యభిచారం ఒక్కటే సరిపోయేది కాదు. దానికి తోడు క్రూరత్వమో, వదిలి వెళ్లిపోవడమో రుజువు చేయాలి. ఈ తేడా 2001లో చేసిన సవరణతో గాని పోలేదు. కొండమీది బోధ పురుషుణ్ణి నిలదీసింది. ఆ మతం పేరుతో చేసిన చట్టం అతనికి వెసులుబాటు ఇచ్చింది.

ఇప్పుడు మళ్లీ మూస్ గ్రామానికి వద్దాం. రిచర్డ్‌సన్ 1912లో ఉపాధ్యాయుడిగా, ఉపదేశకుడిగా తిరిగి వచ్చారు. సోలమన్ అప్పటికే చనిపోయారు. రిచర్డ్‌సన్ పిల్లలకు అక్షరాలతోపాటు ఫుట్‌బాల్ కూడా నేర్పారు. కార్ నికోబార్ కుర్రవాళ్లు ఆ ఆటలో తరువాత తరువాత మంచి పేరు తెచ్చుకున్నారు. చర్చి పనివల్ల ఎంతమంది దగ్గరయ్యారో, బంతి వల్ల కూడా అంతమంది దగ్గరై ఉంటారని నాకనిపిస్తుంది.

నికోబారీలలో పెళ్లికి పెద్ద తతంగం ఉండేది కాదు. ఇద్దరూ ఇష్టపడి కలిసి ఉండటం మొదలుపెడితే అదే పెళ్లి. కుదరకపోతే విడిపోవడం కూడా అంత సులువుగానే జరిగేదని ఆనాటి పరిశీలకులు రాశారు. దీన్ని చూసి కొందరు బయటివారు నికోబారీలకు నీతి లేదని తేల్చేశారు. అది తొందరపాటు. బలవంతపు పెళ్లి లేకపోవడం, ఆడపిల్లకు తన ఇష్టం చెప్పే వీలుండటం, విడిపోయిన స్త్రీకి, ఆమె పిల్లలకు తుహెత్‌లో చోటు దొరకడం చిన్న విషయాలు కావు. ఆ రోజుల్లో మన జిల్లాల్లో ఎంతమంది ఆడపిల్లలకు ఆ మాత్రం దక్కిందో ఆలోచించండి.

రిచర్డ్‌సన్ చెప్పవలసిన కొత్త మాట వేరే. కష్టం వచ్చినా, జబ్బు చేసినా, మనసు మరొకరి మీదికి పోయినా ఇచ్చిన మాటకు కట్టుబడి ఉండటం. ఆంగ్లికన్ చర్చి పెళ్లిలో గురువు ముందు వరుణ్ణి అడుగుతాడు, మిగతా అందరినీ విడిచి బతికినంత కాలం ఈమెకే కట్టుబడి ఉంటావా అని. తరువాత వధువును అదే అడుగుతాడు. పాత ప్రార్థన పుస్తకంలో భర్తకు లోబడి ఉంటాననే మాట వధువు చేత మాత్రమే అనిపించేవారు. ఆ తేడా ఉన్నమాట నిజమే. కాని నమ్మకంగా ఉండటం విషయంలో మాత్రం ఇద్దరికీ ఒకటే ప్రశ్న, అదీ మగవాడితో మొదలు. ఎవరి దీవికి ఓడలో వచ్చిన మగవాళ్లు ఏ మాటా ఇవ్వకుండా వెళ్లిపోతారో, ఆ దీవిలో ఈ ప్రశ్న పురుషుణ్ణి ముందు అడగడంలో ఒక బరువుంది.

రిచర్డ్‌సన్ బోధను వెంటనే అందరూ అంగీకరించలేదు. ముప్పై ఏళ్లు గడిచినా దీవిలో క్రైస్తవులు కొద్దిమందే. ఆయన తొందరపడినట్టు కనిపించదు. 1930లలో గురువుగా అభిషేకం పొందారు. చదువు వచ్చిన మనిషి కావడంతో ప్రభుత్వానికీ, జనానికీ మధ్య మాట్లాడే బాధ్యత కూడా ఆయన మీద పడింది.

తరువాత యుద్ధం వచ్చింది. 1942 మార్చి 23న జపాన్ సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది. ఆ ఏడాదే నికోబార్ కూడా దాని చేతికి వెళ్లింది. మొదటి రోజుల్లోనే పోర్ట్ బ్లెయిర్‌లో ఇళ్లలోకి చొరబడ్డ సైనికులను బెదిరించడానికి జుల్ఫికర్ అలీ అనే యువకుడు తుపాకి పేల్చాడు. అతన్ని అందరి ముందూ చిత్రహింసలు పెట్టి చంపారు. కొంతకాలానికి సైనికుల కోసం కొరియా మొదలైన దేశాల నుంచి స్త్రీలను ఈ దీవులకు తెచ్చి పెట్టారు. వారిలో చాలామంది మోసంతోనో, బలవంతంగానో వచ్చినవారు. తప్పు చేసింది ఒక సైనికుడు కాదు. దాన్ని ఒక సైన్యం ఏర్పాటుగా నడిపింది.

ఇక్కడ మరో మనిషి పేరు చెప్పకుండా ముందుకు వెళ్లలేను. పోర్ట్ బ్లెయిర్‌లో దీవాన్ సింగ్ అనే వైద్యుడు ఉండేవారు. ఆయన పంజాబీ కవి కూడా. అక్కడ గురుద్వారా కట్టించడంలో ముందు నిలిచారు. ఆ గురుద్వారాను అలాంటి స్త్రీలను ఉంచే చోటుగా వాడుకుంటామని జపాన్ అధికారులు అడిగితే ఆయన ఒప్పుకోలేదని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. 1943లో ఆయనను గూఢచారి అని నిర్బంధించారు. సెల్యులార్ జైలులో నెలల తరబడి హింసించారు. 1944 జనవరి 14న ఆయన చనిపోయారు. ఆయన సిక్కు. రిచర్డ్‌సన్ క్రైస్తవుడు. జుల్ఫికర్ ముస్లిం. మన పాఠం ఒకరి గురించే అయినా ఆ ముగ్గురూ ఒకే కాలంలో, ఒకే దీవుల గుంపులో, ఒకే సైన్యం ముందు నిలబడినవారు.

కార్ నికోబార్‌లో విమానాల మైదానం వేయడానికి జనాన్ని వెట్టిచాకిరికి పట్టుకుపోయారు. తిండి కరువైంది. 1945లో మిత్రరాజ్యాల విమానాల దాడులు పెరిగాయి. శత్రువులకు ఎవరో దీపాలతో సైగలు చేస్తున్నారని జపాన్ అధికారులకు అనుమానం వచ్చింది. చదువుకున్నవారిని, ఇంగ్లీషు తెలిసినవారిని పట్టుకుని కొట్టి, లేని నేరాలు ఒప్పించారు. పదుల సంఖ్యలో నికోబారీలు చనిపోయారు. రిచర్డ్‌సన్‌ను కూడా నిర్బంధించారు. ఆయనకూ మరణశిక్షే రాసిపెట్టారు. అది అమలు కాకముందే 1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. ఆయన బతికారు. ఈ హత్యల మీద 1946లో సింగపూర్‌లో యుద్ధ నేరాల విచారణ జరిగింది.

యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్లలోనే కార్ నికోబార్ జనంలో అత్యధిక భాగం క్రైస్తవం తీసుకుంది. ముప్పై ఏళ్లు బోధించినా రానివారు అప్పుడు ఎందుకు వచ్చారు? కష్టకాలంలో ఆయన పారిపోలేదు. తమతోపాటే దెబ్బలు తిన్నారు. ఆయన చెప్పే మాటకు కట్టుబడి ఉండటం అంటే ఏమిటో జనం కళ్లారా చూశారు. నా ఉద్దేశంలో ఇదే ముఖ్య కారణం. యుద్ధం వల్ల పాత నమ్మకాలు కదిలిపోవడం, ఊరి పెద్దలు మారితే తుహెత్ మొత్తం మారడం కూడా ఉన్నాయి. ఇలా గుంపుగా మారినప్పుడు ప్రతి ఒక్కరి మనసూ మారిందని అనుకోవడానికి వీల్లేదు. కొరింథు సంఘానికి పౌలు రాయవలసి వచ్చిన మందలింపు ఏ సంఘానికైనా అవసరం పడుతుంది.

ఇక్కడ కాసేపు చదవడం ఆపి, పుస్తకం మూసి మీకు మీరు సమాధానం చెప్పుకోండి. 1863లో ప్రాట్ చావు గురించి మొదట వచ్చిన కబురులో ఏ సంగతి దాచారు? యోహాను సువార్త కథలో జనం ఎవరిని తీసుకురాలేదు? ఈ రెండింటికీ పోలిక కనిపిస్తే మీ నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు రాయండి.

1950లో రిచర్డ్‌సన్‌ను బిషప్‌గా అభిషేకించారు. 1952లో మొదటి లోక్‌సభ ఏర్పడినప్పుడు అండమాన్ నికోబార్ దీవులకు ఎన్నిక జరగలేదు. రాష్ట్రపతి సభ్యుణ్ణి నియమించారు. ఆ సభ్యుడు రిచర్డ్‌సనే. అక్షరం లేని దీవిలో పుట్టినాయన 68వ ఏట పార్లమెంటులో కూర్చున్నారు. 1956లో వచ్చిన నిబంధనల ప్రకారం బయటివారు అనుమతి పత్రం లేకుండా గిరిజన ప్రాంతాల్లో ప్రవేశించరాదు. కార్ నికోబార్‌కు ఆ నిబంధనలు ఇప్పటికీ వర్తిస్తాయి. పోర్ట్ బ్లెయిర్ చుట్టూ ఉన్న అండమానీలకు వందేళ్ల ముందు అలాంటి అడ్డు ఒకటి ఉండి ఉంటే అన్న ఆలోచన రాక మానదు.

అయితే ఆయన చేసిన పనుల్లో అన్నిటికంటే ఓపిక కావలసింది అనువాదం. వైట్‌హెడ్ అనే ఇంగ్లీషు గురువు నికోబారీ భాషకు నిఘంటువు తయారుచేశారు. అలా మొదలైన భాషా కృషిని రిచర్డ్‌సన్ కొనసాగించారు. ముందు కొత్త నిబంధన, తరువాత బైబిలు మొత్తం కార్ నికోబారీలోకి వచ్చాయి. దీన్ని గురించి కాస్త ఆలోచించండి. పెళ్లి, విడిపోవడం రెండూ తేలికగా సాగిపోయే సమాజపు భాషలో వ్యభిచారం అన్న మాటను ఎలా చెప్పాలి? కోరికతో చూడటం, మనసులో తప్పు చేయడం అన్నవాటికి ఏ మాటలు వాడాలి? పశ్చాత్తాపం అంటే ఏమని రాయాలి? పరాయి మాటలు తెచ్చిపెడితే జనానికి అర్థం కాదు. ఉన్న మాటలు వాడితే పాత అర్థమే మిగిలిపోవచ్చు. అనువాదం చేసేవారు ప్రతి వాక్యం దగ్గరా ఈ రెండిటి మధ్యా నలుగుతారు. నికోబారీ ఆయన తల్లి భాష కావడం వల్ల తన ఊరి ముసలమ్మకు ఏది అర్థమవుతుందో, ఏది కాదో ఆయనకు తెలుసు. ఓడలో వచ్చిన ఏ దొరకూ ఆ అనుకూలం లేదు.

ప్రభుత్వం ఆయనకు 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ ఇచ్చింది. 1966లో అండమాన్ నికోబార్ దీవులకు విడిగా బిషప్ పీఠం ఏర్పడింది. దానికి ఆయనే మొదటి బిషప్ అయ్యారు. 1978 జూన్ 3న, 94వ ఏట చనిపోయారు. కార్ నికోబార్‌లోని ప్రభుత్వ ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు. 2004 డిసెంబరు 26న సునామీ ఆ దీవి తీర గ్రామాలను ఊడ్చేసినప్పుడు మూస్ కూడా దెబ్బతిన్నది. మిగిలినవారు తీరం వదిలి లోపలి భూముల్లో ఇళ్లు కట్టుకున్నారు. చర్చి పెళ్లిళ్లలో ఆ పాత ప్రశ్నను వాళ్లు తమ భాషలోనే అడుగుతారు, వరుణ్ణి ముందు.